మెట్లగదిలో పాలవేళ

మొదటి రోజు. రెండు వందల మీటర్లు

కీళ్ళ నొప్పి లేదు. ఆకలి ఉంది. నిద్ర ఫరవాలేదు. పైనున్న డాక్టరుగారు రోజూ రాయమన్నది ఇంతే. పుస్తకంలో బోలెడు ఖాళీ ఉంది కాబట్టి మిగతా చోట నా గోల రాసుకుంటాను.

పొద్దున తొమ్మిదింటికి అడుగూరు తలుపు మా వెనక మూసుకుంది. సముద్రం అడుగున తిరిగే కరెంటు మరలను చూసుకోవడానికి కట్టిన ఊరు అది. అక్కడ నాలుగేళ్ళు సున్నం డబ్బాలు మార్చడమే నా ఉద్యోగం. మూడు వందల మంది వదిలిన ఊపిరిని ఆ సున్నం శుభ్రం చేసి మళ్ళీ వాళ్ళకే ఇస్తుంది. మరలు ఆగితే ఊరు ఒక పూట ఓర్చుకుంటుంది గానీ, సున్నం ఆలస్యమైతే ఓర్చుకోదు. ఇప్పుడు ఆ పని ఇంకెవరిదో. చేతులకి ఏం చెయ్యాలో తోచక మధ్యాహ్నం నుంచి మూడుసార్లు టేబులు తుడిచాను.

మెట్లగది అంటే నాలుగు పడకలు, ఒక టేబులు, ఒక గుండ్రటి కిటికీ. దీన్ని తాడు కట్టి రోజుకి పాతిక మీటర్ల చొప్పున పైకి లాగుతారు. లోపలి గాలి ఒత్తిడిని కూడా ఆ లెక్కనే తగ్గిస్తారు. తొందరపడితే ఒంట్లో నెత్తురు సోడాలా పొంగుతుంది. అందుకని ఎనిమిది రోజులు తిండి, నిద్ర, పోట్లాటలు అన్నీ ఇందులోనే.

మేం నలుగురం. నిలువెత్తు తీగల బేస్ వాయించే ఆదెయ్య బాబాయ్, కర్రతో ఇనుప గొట్టాలు వాయించే ఖాజా, డ్రమ్ము వాయించే బంగారమ్మ, సాక్సఫోన్‌తో నేను, పైడమ్మని. బట్టల పెట్టెలు కిందే వదిలేసి వాయిద్యాలు తెచ్చుకున్నాం. బాబాయ్ పడక మీద బేస్ పడుకుంటుంది, ఆయన నేల మీద పడుకుంటాడు.

మాకు జాజ్ అంటించింది ఆయనే. వయసులో ఉన్నప్పుడు ప్రయాణికుల ఓడల్లో పనిచేసి అక్కడి బ్యాండుల దగ్గర నేర్చుకున్నాడు. "అందరం ఒకే పాట ఎత్తుకుంటాం. మజ్జిలో ఎవలి దారిన ఆలు ఎల్లిపోతారు. సివర్న సెప్పిన సోటికొచ్చి కలుస్తారు. అంతే" అని మొదటి పాఠం చెప్పాడు. అంతకన్నా మంచి వివరణ నాకు ఇప్పటికీ దొరకలేదు. నేను పెళ్ళిళ్ళ బ్యాండు వాళ్ళ ఇంట్లో పుట్టినదాన్ని. ఈ సాక్స్ మా నాన్నది.

మా పాట పేరు 'పాలవేళ'. నేను కట్టాను. బేస్ నాలుగు అడుగులు వేస్తుంది, అయిదో అడుగు వెయ్యకుండా ఆగుతుంది. ఆ అయిదో అడుగులో నేను మొదలెడతాను. ఖాజా గొట్టాలు నాకు బదులు చెబుతాయి. బంగారమ్మ అన్నం వార్చే పళ్ళెం మీద కుంచెతో తుడుస్తూ ఉంటుంది. ఇది మా సంపెంగి కోసం కట్టిన పాట.

నేను కిందికి దిగేటప్పటికి పాపకి మూడేళ్ళు. ఇప్పుడు ఏడు. రోజూ సాయంత్రం అయిదున్నరకి మా ఆయన చిన్నంనాయుడు ఫోను కలిపి, దాని ముందు పాలగ్లాసు పెడతాడు. మేం వాయిస్తాం, అది తాగుతుంది. పాట అయ్యేలోపు గ్లాసు ఖాళీ అవ్వాలని మా ఒప్పందం.

ఎనిమిది రోజుల్లో దాన్ని చూస్తాను.

రెండో రోజు. నూట డెబ్బై అయిదు మీటర్లు

నొప్పి లేదు. ఆకలి లేదు. బంగారమ్మ వడ్డించిన కూర తిన్నాను, పేరు చెబితే తప్ప అది ఏ కూరో తెలియలేదు. ఇంత ఒత్తిడిలో నాలుక మొద్దుబారి ఉంటుంది.

అడుగూళ్ళో మేం పీల్చేది హీలియం గాలి. మామూలు గాలి ఆ లోతులో మత్తెక్కిస్తుంది. హీలియంలో మాట్లాడితే మనిషి గొంతు బాతు గొంతైపోతుంది కాబట్టి అందరి చెవుల్లోనూ ఒక దిద్దుడు బిళ్ళ ఉంటుంది, ఫోనులో కూడా ఉంటుంది. అది బాతు గొంతును మనిషి గొంతుగా దిద్ది వినిపిస్తుంది. చిక్కేమిటంటే దాని దగ్గర ఉన్నవి ఒక ఆడ గొంతు, ఒక మగ గొంతు మాత్రమే. బంగారమ్మ మాట్లాడినా నేను మాట్లాడినా అవతలివాళ్ళకి ఒకే మనిషి. అడుగూరి ఫోను తీగలో మొహాలు కూడా కనపడవు.

రెండేళ్ళ కిందట బంగారమ్మ సరదాకి నాలా మాట్లాడి సంపెంగిని పది నిమిషాలు ఆడించింది. నిజం తెలిశాక పిల్ల ఏడ్చిన ఏడుపు ఇంతా అంతా కాదు. అప్పట్నుంచీ ఫోను ఎత్తగానే, "ముందు పాట వాయించు. అప్పుడు నువ్వో కాదో సెప్తాను" అంటుంది. సాక్సఫోన్‌ను దిద్దుడు బిళ్ళ ముట్టుకోదు, దాని లెక్కలో అది మనిషి గొంతు కాదు.

అంచేత నా కూతురికి తెలిసిన నా గొంతు అదొక్కటే.

మూడో రోజు. నూట యాభై మీటర్లు

నొప్పి లేదు. నిద్ర లేదు. కారణం ఇది.

నిన్నటి నుంచే ఏదో తేడాగా ఉంది. పాట ఎత్తుకోగానే నా స్వరమూ ఖాజా గొట్టమూ ఒకదాన్నొకటి గీరుకుంటున్నాయి. తేడా వెంట్రుకవాసే. సాక్స్ మూతి దగ్గరి రీడు మార్చాను. మళ్ళీ మార్చాను. గొట్టాలు సరిగ్గా వేలాడదీయలేదని ఖాజాని కసిరాను. అతను ఇరవై మూడు గొట్టాలూ విప్పి మళ్ళీ కట్టాడు. గీరుడు పోలేదు.

కాగితం తీసి చూసుకున్నాను. మా నాన్న బ్యాండులో స్వరాలు రాసుకోరు, వేళ్ళు రాసుకుంటారు. ఏ మీట మీద ఏ వేలు అని. నా కాగితం నిండా వేళ్ళే. వేళ్ళన్నీ సరిగ్గానే ఉన్నాయి, పాటే సరిగ్గా లేదు.

సాయంత్రం ఫోనులో సంపెంగి సగం గ్లాసు తాగి ఆగింది.

"అమ్మా, నీకు జలుబు సేసిందేటి?"

"లేదమ్మా."

"అయితే పాటకి సేసింది" అని మిగతా సగం తాగేసింది.

ఫోను పెట్టేశాక ఆదెయ్య బాబాయ్ బేస్ దగ్గరికి లాక్కున్నాడు. "పైడమ్మా, గాలి మారిపోతంది గదేటి. పైకెల్లే కొద్దీ ఈలియం వంతు తగ్గించి పేనవాయువు వంతు పెంచుతారు. గాలి బరువెక్కితే నీ సాక్స్ కిందకి దిగిపోద్ది. నా తీగలకి గాలితో పనినేదు. ఖాజాగాడి గొట్టాలకీ నేదు."

"తలుపు తీసేటప్పటికి ఎంత దిగుతుంది?"

ఆయన నేను మొదలెట్టే స్వరం మీటాడు. తర్వాత వేలు జార్చుకుంటూ వెళ్ళి, ఎక్కడో ఓడ అడుగున మోగినట్టున్న చోట ఆపాడు. "ఇంత."

ఎంత తెలివితక్కువ పని చేశామో అప్పుడు తెలిసింది. ఏ బ్యాండయినా మారనిదానికి మారేదాన్ని శ్రుతి చేస్తుంది. మేం తిరగేసి చేశాం. అడుగూళ్ళో నేను ఒక్కో స్వరం ఊదుతూ ఉంటే, దానికి సరిపోయేదాకా వెల్డరు ఖాజా రంపంతో గొట్టం కోశాడు. ఊపిరిని నమ్మి ఇనుము కోసిన బ్యాండు లోకంలో మాదొక్కటే అయ్యుంటుంది. నాలుగేళ్ళు ఆ గాలి మారలేదు కాబట్టి పైన ఇంకో గాలి ఉంటుందన్న సంగతే మర్చిపోయాం.

నాకు బ్యాండు గురించి బెంగ లేదు. తలుపు తీశాక నేను ఊదితే వచ్చేది సంపెంగి ఎరగని గొంతు. అది నన్ను అమ్మ కాదంటే నేనేం చెయ్యాలి?

అయిదో రోజు. నూరు మీటర్లు

మోకాలు కొంచెం కలుక్కుమంది. డాక్టరుగారికి చెప్పాను, నీళ్ళు ఎక్కువ తాగమన్నారు.

కిటికీలోకి వెలుగొచ్చింది. దాన్ని వెలుగు అనవచ్చో లేదో తెలియదు, చీకటి ఒక వైపు పలచబడినట్టుంది. నలుగురం వంతులేసుకుని అద్దానికి నుదురు ఆనించి చూశాం. ఒక పెద్ద జెల్లీ చేప తీరిగ్గా ఊపిరి పీల్చినట్టు ముడుచుకుంటూ విచ్చుకుంటూ మా పక్క నుంచి కిందికి దిగిపోయింది. బంగారమ్మ దానికి చెయ్యి ఊపింది.

సాక్స్ మూతి ముక్కను దాని మెడ మీదికి ఇంకాస్త నొక్కితే స్వరం కాస్త పైకి వస్తుంది. మూడు రోజుల్నుంచి అలాగే నెట్టుకొస్తున్నాను. ఇవాళ్టితో అది చివరిదాకా వెళ్ళిపోయింది, ఇంక నొక్కడానికి చోటు లేదు. పాట మొదట్లో సరిపోయింది, మధ్యలో జారింది. పాట అయ్యాక చిన్నంనాయుడు, "గ్లాసులో గుక్కెడు ఒగ్గీసింది" అన్నాడు. నాలుగేళ్ళలో ఇదే మొదటిసారి.

ఆరో రోజు. డెబ్బై అయిదు మీటర్లు

రాయాలని లేదు, అయినా రాస్తున్నాను.

పొద్దున్నుంచి సాయంత్రం దాకా పాటంతా ఒక మెట్టు పైకి మార్చి సాధన చేశాను. కాగితం నిండా ఉన్న వేళ్ళన్నీ కొట్టేసి కొత్త వేళ్ళు రాసుకున్నాను. ఎత్తు సరిపోయింది. కానీ అలవాటు లేని చోట వేళ్ళు తడబడ్డాయి. పైగా అదే ఎత్తులో పలికినా గొంతు మారిపోయింది, బొంగురుగా, పెద్దమనిషి చిన్నపిల్లలా మాట్లాడినట్టుగా ఉంది.

అయిదున్నరకి వాయించాం.

"నువ్వు మా యమ్మవి కాదు. బంగారమ్మత్తవి."

"కాదు తల్లీ, నేనే."

"ఆ రోజూ అలాగే అన్నావు." గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు. "మా యమ్మకివ్వు."

చిన్నంనాయుడు ఫోను తీసుకుని ఏదో సర్దిచెప్పబోయాడు. వెనక దాని ఏడుపు వినపడుతోంది. బంగారమ్మ డ్రమ్ము ముందు నుంచి లేచి గోడ వైపు తిరిగి పడుకుంది. రెండేళ్ళ నాటి సరదా ఇలా తిరిగొస్తుందని పాపం ఆవిడ మాత్రం అనుకుందా. ఆవిడ మీద కోపం తెచ్చుకోవాలని ప్రయత్నించాను. రాలేదు. భయం ఒక్కటే వచ్చింది.

ఏడో రోజు. యాభై మీటర్లు

బంగారమ్మ గోంగూర పచ్చడి వేసింది. మొదటిసారి పుల్లగా తగిలింది. అడుగూళ్ళో మరిచిపోయిన పులుపు అది. నలుగురం ముద్ద ముద్దకీ కళ్ళు మూసుకుంటూ తిన్నాం. కిటికీ నీళ్ళు ఆకుపచ్చగా ఉన్నాయి, గదిలో మా చేతులు కూడా ఆకుపచ్చగా కనిపిస్తున్నాయి.

భోజనం అయ్యాక ఖాజా వచ్చి పక్కన కూర్చున్నాడు. ఏదో అడగాలని వచ్చి గొట్టాలు తుడుస్తున్నాడు.

"అక్కా, ఒక మాట చెప్తా, కోప్పడకు. నీ పాట నాకు పూర్తిగా వచ్చు. రోజూ బదులు చెప్పేవాణ్ణి కదా. నా గొట్టాలు మాత్రం మారలేదు. ఇవాళ నీ వంతు నేను వాయిస్తే పాప పాలు తాగుతుందేమో."

కోప్పడ్డాను. తర్వాత ఒప్పుకున్నాను. పిల్ల నిన్నటి నుంచి పాలు ముట్టలేదని చిన్నంనాయుడు చెప్పాడు.

అయిదున్నరకి బేస్ నాలుగు అడుగులు వేసి ఆగింది. అయిదో అడుగులో నా చోట ఖాజా మొదలెట్టాడు. నేను సాక్స్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నాలుగేళ్ళ కిందట నేను ఊదిన ఎత్తులోనే, వెంట్రుకవాసి తేడా లేకుండా, గొట్టాలు పలికాయి.

"అమ్మా" అంది సంపెంగి. "ఎక్కడికెల్లిపోనావు ఇన్నాళ్ళూ?"

నన్ను కాదు, ఖాజా గొట్టాలను అడిగింది. నా కూతురు నా ఎదురుగా ఇంకొకదాన్ని అమ్మా అని పిలిచింది, గ్లాసు గటగటా ఖాళీ చేసింది. సంతోషించాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. ఫోనులో నా బదులు బంగారమ్మ మాట్లాడింది. ఈసారి మాట్లాడేదెవరో పాప అడగలేదు.

ఎనిమిదో రోజు. పాతిక మీటర్లు

నొప్పి లేదు. ఉన్నా చెప్పను, ఇంకో రోజు ఆపేస్తారు.

పొద్దున్నే బాబాయ్‌తో పోట్లాడాను. రేపు రేవులో తలుపు తీయగానే పాపకి ఖాజాయే వాయించాలని, నేను ఊదకూడదని ఆయన అన్నాడు. "పాట నీదే గదేటి. ఎవుడి సేతిలోంచి వొస్తే నీకేటి?"

"మీకు పిల్లలు లేరు కాబట్టి అలా అంటున్నారు" అన్నాను. అనకూడని మాట. అన్నాక తెలిసింది.

ఆయన తీగలు బిగించుకున్నాడు. "ఓడ దిగినప్పుడల్లా నాను ఇంటికెల్లి బేస్ తీసీవోణ్ణి. మా ఆవిడ, ముందు మాటాడు, తరవాత వాయిద్దువుగానీ అనేది. ఏటి మాటాడాలో తెలీక వాయించీసీవోణ్ణి. ఆవిడ పోయినాక కూడా అదే సేస్తన్నాను" అన్నాడు. నేను వెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాను. ఆయన నా తల మీద ఒక్కసారి చెయ్యి వేసి తీసేశాడు.

మధ్యాహ్నం వాళ్ళు ముగ్గురూ రేపటికి సాధన చేశారు. నేను పడక మీద పడుకుని విన్నాను. కిటికీ లోంచి ఎండ నీళ్ళ గుండా వచ్చి పైకప్పు మీద అల్లుకుంటూ విడిపోతూ ఉంది. కట్టినప్పటి నుంచీ 'పాలవేళ' లోపలే ఉన్నాను గానీ బయట నిలబడి ఎప్పుడూ వినలేదు. బాగుంది. నేను లేకుండా కూడా అది నడిచి వెళ్తోంది, దారి తెలుసు దానికి. కొంచెం నిద్ర పట్టింది. నిద్రలో పాట ముందు నడుస్తుంటే నేను వెనకే చెప్పులు చేత్తో పట్టుకుని తడి ఇసుకలో నడిచాను.

లేచాక ఖాజాతో చెప్పాను, రేపు నువ్వే వాయించు అని.

తొమ్మిదో రోజు. సున్నా

ఇది రేవులో, నీడలో వేసిన కుర్చీలో కూర్చుని రాస్తున్నాను.

పదింటికి మెట్లగదిలోకి మామూలు గాలి వదిలారు. దిద్దుడు బిళ్ళలు తీసి గిన్నెలో వేశాం. నాలుగేళ్ళు కలిసి బతికిన నలుగురం మొదటిసారి ఒకరి గొంతు ఒకరం విన్నాం. బంగారమ్మది బండ గొంతు. ఖాజాది ఎంత మెత్తగా ఉందంటే, ఇన్నాళ్ళూ తిట్టినందుకు సిగ్గేసింది. నా గొంతు నాకే కొత్తగా ఉంది. అందుకని ఎక్కువ మాట్లాడలేదు.

తలుపు తీశారు. ఎండ, చేపల వాసన, డీజిలు వాసన, చాలా ఆకాశం. చిన్నంనాయుడు సన్నబడ్డాడు. అతని వెనక నిక్కరు జేబు పట్టుకుని ఒక పొడుగాటి పిల్ల నిలబడి ఉంది. కిందికి సరుకులతో వచ్చిన ఫోటోల్లోకన్నా నల్లగా, పెద్దగా, నా మోకాళ్ళతో. నన్ను చూసి వెనక్కి జరిగింది.

నేను పిలవలేదు. ఖాజాకి తల ఊపాను. రేవు గట్టు మీదే గొట్టాలు వేలాడదీసి వాళ్ళు మొదలెట్టారు. నాలుగు అడుగులు, ఒక ఖాళీ, తర్వాత పాట. సంపెంగి జేబు వదిలేసింది. సూటిగా గొట్టాల దగ్గరికి పరిగెత్తి, మోగుతున్న ఒకదాన్ని రెండు చేతులతో పట్టుకుంది. గొట్టం మూగబోయింది. అది చుట్టూ చూసింది, గొట్టాల వెనక్కి తొంగి చూసింది.

"మా యమ్మేది?"

ఖాజా చేతిలో ఉన్న కర్రతో నా వైపు చూపించాడు. అది నన్ను కిందినుంచి పైదాకా చూసింది. మెడలో వేలాడుతున్న సాక్స్ దగ్గర చూపు ఆగింది.

"అయితే వాయించు."

ఇంక దారి లేదు. బాబాయ్ నాలుగు అడుగులు వేశాడు. నేను పాత కాగితంలోని పాత వేళ్ళే పెట్టాను. వచ్చింది మా నాన్న గొంతు. లోతుగా, గరుకుగా, పిట్ట కాదు, ఏనుగు. సంపెంగి కనుబొమలు ముడిచింది. నాకు ఏడుపొస్తోంది, ఏడిస్తే ఊదలేను. ఊదుతూనే ఉన్నాను. పాట మూడో వరసలోకి వెళ్ళాను. అది ముందుకొచ్చి నా మోకాలి మీద ఒక్క దెబ్బ వేసింది.

"తప్పు."

ఆపేశాను. బాబాయ్ ఆపేశాడు. బంగారమ్మ కుంచె గాలిలో ఆగింది.

"ఇక్కడ ఆగాల. ఇక్కడ మా యమ్మ గాలి పీల్చుకుంటాది" అంది సంపెంగి.

అడుగూళ్ళో ఒత్తిడికి హీలియం గాలైనా చిక్కనే. అంత పొడుగు వరస ఒక్క ఊపిరిలో లాగలేక మధ్యలో ఒకచోట గబుక్కున పీల్చేదాన్ని. నేనది రాసుకోలేదు, కాగితంలో వేళ్ళే ఉన్నాయి. నాకది పాటలో ఉన్నట్టే తెలియదు. పైన ఆ ఒత్తిడి లేదు, వరస మొత్తం సాగిపోయింది. రెండు వందల మీటర్ల కింద నేను తీసిన ఆ ఊపిరి చప్పుడును నాలుగేళ్ళు రోజూ విన్నది ఇదొక్కతే.

"మళ్ళీ మొదట్నుంచి" అంది.

మొదట్నుంచి వాయించాను. మూడో వరస మధ్యలో, అవసరం లేకపోయినా, నోరు తీసి ఊపిరి పీల్చాను. నీళ్ళ మీద ఎండలో ఆ చప్పుడు నాకు కూడా వినపడింది. సంపెంగి నా నోటి వైపే చూస్తూ ఉంది. నేను పీల్చినప్పుడు అది కూడా పీల్చింది.

తర్వాత వచ్చి నా కాలికి ఆనుకుని కూర్చుంది. "ఊఁ. ఆగకు" అంది.